మా గరువు నీళ్లు చెరువులోకి దిగేలోపు: ఈ ఖరీఫ్‌లో చేసిన పనులు

మాది రాజాం, సంతకవిటి మధ్య చిన్న ఊరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చిన వైపు. ఊరికి పైన ఎర్రమట్టి గరువు (మెట్ట భూమి), దాని కింద చెరువు, చెరువు కింద పల్లం. గరువు మీద పడ్డ వానంతా చెరువులోకే దిగుతుంది, గట్టు కింద ఉన్న ఊరి నూతిలో ఊరేది కూడా ఆ నీరే. అంటే మొక్కజొన్న చేలో చల్లిన యూరియాకీ మా నూతికీ మధ్య అడ్డం ఉన్నది ఆ చెరువొక్కటే. నా ఉద్యోగం వేరే ఊళ్లో, శని ఆదివారాలు ఇక్కడ. ఈ ఏడాది ఖాళీ దొరికినప్పుడల్లా ఈ నీటి పనే పట్టుకున్నాను.

పని మొదలెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. చాలామంది గట్టు మీద గడ్డి నాటేసి ఇక అయిపోయింది అనుకుంటారు. భాస్వరం మట్టిని అంటిపెట్టుకుని ఉంటుంది, మట్టి కొట్టుకుపోతే దానితో పాటే పోతుంది. నత్రజని అలా కాదు, నైట్రేటుగా మారాక నీళ్లలో పూర్తిగా కరిగిపోయి నీరు ఎటు పోతే అటు పోతుంది, ఇసుక పాలు ఎక్కువున్న మా గరువు లాంటి నేలలో అయితే నేరుగా కిందికి ఇంకుతుంది. చెరువు నాచు పట్టి పచ్చగా మారడానికి ఎక్కువగా భాస్వరం కారణం, నూతి నీరు చెడడానికి నైట్రేటు కారణం. బురదని చేను అంచున ఆపొచ్చు. నత్రజనిని మాత్రం బస్తా విప్పే రోజే ఆపాలి.

కొలవకుండా ఏం చేసినా అది నమ్మకమే అవుతుంది కాబట్టి ముందు సామాను సమకూర్చుకున్నాను. మొదటిది సెక్కి పళ్లెం. 1865లో ఇటలీలో సెక్కి అనే ఆయన సముద్రపు నీటి తేట చూడడానికి వాడిన పద్ధతి, ఇప్పటికీ చెరువులకి ఇదే వాడతారు. 20 సెంటీమీటర్ల స్టీలు పళ్లెం తీసుకుని నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలకి నలుపు, తెలుపు ఆయిల్ పెయింటు వేసి, మధ్యలో బెజ్జం పెట్టి, కింద బరువు కట్టి, నైలాన్ తాడు మీద ప్రతి 5 సెంటీమీటర్లకి మార్కర్‌తో గీత పెట్టాను. మదుము (చెరువు తూము) మెట్టు మీద నిలబడి నీడ వైపు నుంచి దించుతాను. పళ్లెం కనబడకుండా పోయిన లోతు ఒకటి, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతు ఇంకొకటి, రెండింటి సగటు రాసుకోవాలి. ఎప్పుడూ మధ్యాహ్నం పూటే, ఎండ బాగా ఉన్నప్పుడే. పక్కన నీటి రంగు కూడా రాయాలి, ఎర్రగా ఉంటే అడ్డుపడింది బురద, పచ్చగా ఉంటే నాచు. రంగు రాయకపోతే ఆ అంకెకి అర్థమే లేదు.

రెండోది నైట్రేట్ స్ట్రిప్పులు. ముంచి తీసి, డబ్బా మీద చెప్పినన్ని సెకన్లు ఆగి రంగు పోల్చుకోవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త: కొన్ని డబ్బాల మీద అంకె నైట్రేటుగా ఉంటుంది, కొన్నిటి మీద నైట్రేట్ నైట్రోజన్‌గా ఉంటుంది. రెండోదాన్ని 4.43తో గుణిస్తేనే నైట్రేటు వస్తుంది. మన తాగునీటి ప్రమాణం లీటరుకి 45 మిల్లీగ్రాముల నైట్రేటు, కాబట్టి ‘10’ అని కనిపించే డబ్బా కూడా అదే హద్దుని చెబుతుండొచ్చు. చేతిలో పట్టుకునే టీడీఎస్ పెన్ను ఈ పనికి రాదు, అది మొత్తం లవణాలని చూపిస్తుంది, అందులో నైట్రేటు ఎంతో చెప్పలేదు. నీళ్లు కాచినా నైట్రేటు పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. పాలడబ్బా కలిపే పసిపిల్లలున్న ఇళ్లల్లో ఈ మాట గట్టిగా చెబుతున్నాను, నెలల పిల్లల రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని అది దెబ్బతీస్తుంది.

జూన్‌లో నూతి నీళ్లకి స్ట్రిప్పు రంగు, నైట్రేటు లెక్కలో, 25కీ 50కీ మధ్య వచ్చింది. స్ట్రిప్పు అంతకంటే కచ్చితంగా చెప్పదు. హద్దుకి దగ్గర్లో ఉందన్న మాట చాలు, నాకు టెన్షన్ పట్టుకుంది.

బురదని ఆపడానికి వట్టివేరు గడ్డి తొలకరికే నాటాం. మా చేను దిగువ అంచున, వాలుకి అడ్డంగా, రెండు వరసలు. నర్సరీ నుంచి దుబ్బులు తెచ్చి రెండు మూడు పిలకల చొప్పున విడదీసి, ఆకు జానెడు, వేరు రెండు వేళ్లంత ఉంచి కత్తిరించి, పేడనీళ్లలో ముంచి, పిలకకీ పిలకకీ మధ్య 12 సెంటీమీటర్లు వదిలి, మొదటి వరసలో ఖాళీ ఉన్నచోట రెండో వరసలో పిలక వచ్చేలా పెట్టాం. దూరం పెంచితే డబ్బు మిగులుతుంది గానీ సందుల్లోంచి నీరు దారి చేసుకుని అక్కడే కోత పెడుతుంది. దీని వేరు పక్కలకి పాకకుండా నిలువునా దిగుతుంది, రెండు మూడు మీటర్లు దాటుతుంది, కాబట్టి పక్క సాలులో పంటకి పోటీ రాదు. ఈ సాగు రకం గింజతో మొలిచి చేలల్లో కలుపుగా పడే భయం కూడా దాదాపు లేదు.

పై చేను మా చిన్నాన్నది. ఆయన గట్టు మీద నిలబడి, “ఇదేట్రా బాబూ, మూరెడు భూమి గడ్డికే పోద్ది కదా, ఇంక పంటేటి పండిస్తావు?” అన్నారు. నేను వాదించలేదు. వాన పడ్డ రోజు లీటరు సీసాలు రెండు పట్టుకెళ్లి, ఒకటి వరసకి పైన పారే నీళ్లు, ఇంకొకటి వరస దాటి వచ్చిన నీళ్లు పట్టి ఆయన అరుగు మీద పెట్టాను. రాత్రంతా కదపకుండా ఉంచాం. పొద్దున్నకి పైసీసా అడుగున ఎర్రటి ఒండ్రు 6 మిల్లీమీటర్లు, కిందిసీసాలో 2 మిల్లీమీటర్లు. ఆయన సీసా ఎత్తి వెలుగుకి పట్టి చూసి, “ఇదంతా నా సేలో గెత్తమే గదేటి” అన్నారు. గెత్తం అంటే మావైపు పశువుల ఎరువు. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్లు, ఐదు సెంటీమీటర్ల వాన అంటే రెండు లక్షల లీటర్లు. అందులో పారిపోయే ప్రతి లీటరూ ఆ సీసాలాంటిదే అని లెక్క వేసి చూపించాక, వచ్చే తొలకరికి తన అంచుకి కూడా పిలకలు కావాలన్నారు. లేత ఆకు పశువులు తింటాయని తెలియడం కూడా పనికొచ్చింది.

నీరంతా ఒకచోట చేరి చెరువులోకి దూకే మూల దగ్గర గుంట తీశాం, పొడవు మూడు మీటర్లు, వెడల్పు మీటరున్నర, నడుం లోతు కంటే తక్కువే. నీరు అందులో నెమ్మదించి ఒండ్రు దింపి, అవతల రాళ్లు పరిచిన అంచు మీంచి పొర్లుతుంది. ఇది పెద్ద వాన తర్వాత తోడకపోతే దండగ, నిండిన గుంట ఏమీ ఆపదు. తోడిన ఒండ్రు మళ్లీ చేలోకే.

ఇక యూరియా. 45 కిలోల బస్తాలో నత్రజని సుమారు 20.7 కిలోలు. 2015 నుంచి వేపపూత యూరియానే వస్తోంది, అది నైట్రేటుగా మారడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది, అలాగని పెద్ద వాన ముందు చల్లితే నిలవదు. మొక్కజొన్నకి ఈసారి చల్లడం మానేసి, విడతలుగా, మొక్క పక్కన చిన్న గుంట చేసి వేసి మట్టి కప్పించాం. కూలి పెరిగింది, అది నిజం. వాన సూచన ఉంటే రెండు రోజులు ఆగాం. మట్టి పరీక్ష కార్డులో భాస్వరం ‘ఎక్కువ’ అని ఉంది కాబట్టి వ్యవసాయాధికారిని అడిగి భాస్వరం ఎరువైన డీఏపీని మూడో వంతు తగ్గించాం. 50 కిలోల డీఏపీ బస్తాలో, ఎరువుల లెక్క ప్రకారం (P2O5గా), 23 కిలోల భాస్వరం ఉంటుంది, అవసరం లేని నేలకి వేస్తే డబ్బు పోతుంది, చెరువుకీ చేటు.

పల్లంలో శ్రీకాకుళం సన్నాలు రకం వరి. అక్కడి నీరు చెరువులోకి రాదు గానీ గెడ్డ (వాగు) పట్టుకుని నాగావళికి పోతుంది, శ్రీకాకుళం టౌను మధ్యలోంచి పారే నది అది, కాబట్టి మన చెరువు కాదు కదా అని వదిలేయలేం. వరి ఆకు రంగుని బట్టి యూరియా కావాలో లేదో చెప్పే ఆకు రంగుల పట్టిక వాడాం. అన్నిటికంటే పైన పూర్తిగా విచ్చుకున్న ఆకుని, ఉదయం పూట, మన ఒంటి నీడలో పట్టికతో పోల్చాలి, ప్రతిసారీ ఒకే మనిషి చూడాలి. పది ఆకుల్లో సగానికి పైగా నిర్ణీత రంగు కంటే పాలిపోతేనే యూరియా. వేశాక వారం పాటు మడి గట్ల గండ్లు మూసే ఉంచాం, మొదటి రోజుల్లో మడిలో నిలిచిన నీళ్లలోనే నత్రజని ఎక్కువగా ఉంటుంది, అప్పుడు నీరు వదిలితే ఎరువుని వదిలినట్టే.

చెరువు గట్టు మీద నాలుగు ఇళ్లవాళ్ల గెత్తం కుప్పలున్నాయి. వాటిని వాలు లేని చోటికి మార్చమని అడగడానికి చాలా ఓపిక పట్టింది, రెండు కుప్పలు కదిలాయి. నార కోసం గోగు కట్టెలు నానబెట్టడం ఒకప్పుడు ఈ చెరువులోనే జరిగేది, నీరు నల్లబడి చేపలు తేలేవని పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడు గోగు వేసేవాళ్లే తగ్గారు. పురుగుమందు డబ్బాలు కడగడం మాత్రం ఇంకా రేవులోనే. ఖాళీ డబ్బాని మూడుసార్లు నీళ్లతో కడిగి ఆ నీళ్లు స్ప్రేయరులోనే పోయమని ఎక్కడ కనబడితే అక్కడ చెబుతున్నాను.

సెక్కి అంకెలు: జూన్ చివర 15 సెంటీమీటర్లు, ఎర్రగా. ఆగస్టులో 25, లేత పచ్చ. సెప్టెంబరులో మబ్బు పట్టిన రోజులు గడిచి ఎండ వచ్చాక చూస్తే 20కి పడింది, ముదురు పచ్చ, ఆ మబ్బు రోజుల్లో తెల్లారగట్ల చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. రాత్రి నాచు కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది కాబట్టి వేకువకి నీళ్లలో అది బాగా పడిపోతుంది. అక్టోబరు వాయుగుండం వానల తర్వాత 30. చెరువు నిండి పొర్లింది కాబట్టి ఈ 30ని వట్టివేరు ఖాతాలో వేయను. సీసాల తేడా మాత్రం వట్టివేరుదే, ఎందుకంటే ఆ రెండు సీసాలూ ఒకే వాన, ఒకే చేను. నూతి స్ట్రిప్పు ఇంకా అదే రంగు చూపిస్తోంది. నేలలోకి ఇంకిన నైట్రేటు ఒక్క పంట కాలంలో కడుక్కుపోదు, ఏళ్లు పట్టొచ్చు.

వరి కోశాక దున్నకుండా మొక్కజొన్న వేస్తారు మావైపు, అప్పుడే ఎరువు బాగా పడుతుంది. డిసెంబరు నుంచి నూతితో పాటు పల్లంలోని రెండు బోర్ల నీళ్లు కూడా నెలకోసారి పరీక్షిస్తాను. స్ట్రిప్పు 45 వైపు వెళ్తున్నట్టు అనిపిస్తే సీసా నేరుగా గ్రామీణ నీటి సరఫరా ల్యాబుకి. ఫిబ్రవరిలో వట్టివేరుని మోకాలి ఎత్తుకి కోసి, బాగా పిలకలు వేసిన దుబ్బుల నుంచి చిన్నాన్న అంచుకి నారు కడతాను.