పేరు తెలియని పొదను కణుపు దగ్గర పట్టుకోవాలి

పెరట్లో ఎవరు పెట్టారో తెలియని గుబురు ఒకటి ఉంటుంది. పక్కింటివాళ్లనడిగితే గన్నేరంటారు, ఎదురింటివాళ్లు ఏదో పూలచెట్టులే అంటారు. మన సీమలో మోకాలెత్తు మొక్క కూడా చెట్టే కదా! పువ్వు రంగు చూసి పేరు పెట్టేయడం దగ్గరే చాలామంది తప్పుతారు. అనంతపురం వీధుల్లో పసుపు పూల పొదలే మూడు రకాలు తరచుగా కనిపిస్తాయి: తంగేడు, పచ్చగన్నేరు, టెకోమా. మూడూ మూడు వేర్వేరు కుటుంబాలవి, అందులో ఒకటి గట్టి విషం.

ముందు సరైన రెమ్మ కోయాలి. ఎండ తగిలే వైపు, ఈ ఏడాది పెరిగిన రెమ్మ జానెడు చాలు. కత్తిరించిన మోటు నుంచి ఏపుగా లేచిన పిలకలు పనికిరావు, వాటి ఆకులు మామూలు ఆకులకంటే బాగా పెద్దవిగా ఉండి దారి తప్పిస్తాయి. అసలు ఆకు సైజును నమ్ముకోవద్దు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానలో బతికే పొదకూ, అదే జాతి అయ్యుండి బోరు కాలువ పక్కన పెరిగిన పొదకూ ఆకుల్లో చాలా తేడా ఉంటుంది. ఆకులు కొమ్మకు అంటుకునే తీరు మాత్రం అంత తేలిగ్గా మారదు.

అందుకే చూపు కణుపు మీద పెట్టాలి. ఒక్కో కణుపు దగ్గర ఒక్క ఆకే ఉండి, తర్వాతిది వేరే వైపుకు వచ్చిందా (మందారం, పచ్చగన్నేరు)? రెండు ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా (నందివర్ధనం, గోరింట, నూరువరహాలు)? మూడేసి చుట్టూ ఉన్నాయా? మూడేసి సన్నటి ఆకులు, ఎర్రటివో గులాబీవో తెల్లటివో పూలు అయితే అది మామూలు గన్నేరు. ఎదురెదురు ఆకుల తొడిమల మధ్య కొమ్మ మీద చిన్న మొనదేలిన పొర కనిపిస్తే నూరువరహాల కుటుంబం వైపు వెళ్లొచ్చు.

ఇక్కడే ఇంకో తికమక. తంగేడు ఆకు అని మనం తెంపేది చాలాసార్లు ఆకు కాదు, ఆకులో ఒక ముక్క. ఆకు మొదలు ఎక్కడుందో మొగ్గ చెబుతుంది: తొడిమకూ కొమ్మకూ మధ్య సందులో మొగ్గ ఉంటుంది, చిన్న ఆకుముక్కల మొదట్లో ఉండదు. ఈ లెక్కన చూస్తే తంగేడుకు ఒక్కో ఆకులో 8 నుంచి 12 జతల ముక్కలు, ఆకు మొదట్లో చెవి ఆకారంలో రెండు పచ్చటి రేకులు. టెకోమాలో ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, ఒక్కోదానిలో సాధారణంగా 5 లేదా 7 ముక్కలు, వాటి అంచులకు రంపం పళ్లు. పచ్చగన్నేరుకు ముక్కలే లేవు, పొడుగాటి సన్నటి ఒంటి ఆకు. పువ్వు లేని నెలలో కూడా ఈ మూడూ ఇలా విడిపోతాయి.

తర్వాత పాలు. తొడిమను గోటితో గిల్లి పది సెకన్లు చూడండి. పొద్దున పూట చూడటం మేలు, వేసవి మధ్యాహ్నం చెట్టులో నీళ్లు తగ్గి పాలు సరిగా కారవు, లేవనుకుంటాం. పచ్చగన్నేరు, నందివర్ధనం, జిల్లేడు అన్నీ తెల్లగా కారతాయి. పాలున్న చేత్తో కళ్లు నలపకూడదు. పేరు తెలియని ఆకును నాలుక మీద పెట్టడం అసలే వద్దు. రెండు గన్నేర్లలోనూ గుండెను దెబ్బతీసే విషం ఉంది.

పాలు లేవని తేలాక ఆకు నలిపి వాసన చూడొచ్చు. కరివేపాకు, నిమ్మ కుటుంబమైతే ఆకును వెలుగుకు ఎత్తి పట్టినప్పుడు సూదితో గుచ్చినట్టు నూనె చుక్కలు మెరుస్తాయి. ఘాటు వాసనతో పాటు లేత కొమ్మ వేళ్ల మధ్య నలుపలకలుగా తగిలితే లాంటానానో వావిలో. వావిలి ఆకు 3 లేదా 5 ముక్కలు, అడుగున బూడిద తెలుపు. లాంటానాది గరుకైన ఒంటి ఆకు. మందారం నలిపితే జిగట వస్తుంది, అది వేరే దారి.

ముళ్లను కూడా లెక్కపెట్టడం కాదు, ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. గులాబి, లాంటానా ముళ్లు బెరడు మీదివి, బొటనవేలితో పక్కకు తోస్తే ఊడతాయి. కాగితం పువ్వు ముల్లు ఆకు సందులోంచి వస్తుంది. గోరింటకూ దానిమ్మకూ కొమ్మ చివరే ముల్లవుతుంది, పైగా ఈ రెండిటివీ ఎదురెదురు ఆకులే, కుటుంబమూ ఒకటే. కాయలేనప్పుడు లేత చిగురు చూడండి: దానిమ్మ చిగురు ఎర్రగా, ఆకు నిగనిగలాడుతూ ఉంటుంది. గోరింట కాయ మిరియం గింజంత.

ఇంతా చేసి తేలకపోతే ఫోను యాప్ వాడండి, తప్పు లేదు. పై నుంచి తీసిన ఒక్క పువ్వు ఫొటో ఇస్తే మాత్రం అది కూడా రంగు చూసే చెబుతుంది. కణుపు, ఆకు అడుగు, కాయ, మొత్తం పొద విడివిడిగా తీసి, పక్కన రూపాయి బిళ్ల పెట్టండి. అనంతపురం ఎస్కే యూనివర్సిటీలోనూ, కడప యోగి వేమన యూనివర్సిటీలోనూ వృక్షశాస్త్ర విభాగాలున్నాయి. అలాంటి చోట చూపించాలంటే పువ్వో కాయో ఉన్న అడుగు పొడవు కొమ్మను న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, పైన బరువు పెట్టి, మొదటి వారం రోజూ పేపర్లు మార్చాలి. మార్చకపోతే ఆకు నల్లబడి బూజు పడుతుంది. ఒకట్రెండు ఆకులు తిరగేసి పెట్టండి, అడుగు భాగం కూడా కనబడాలి. పువ్వు రంగు ఎండితే పోతుంది కాబట్టి కోసిన రోజే చీటీ మీద రాసి పెట్టుకోండి.