ఆసు పోసే చేతులు, పొయ్యి వెలగని వంటగదులు

చేనేత ఇంటి కథ చెప్పిన మల్లేశం సినిమాను నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి 2019లో నల్గొండ థియేటర్‌లో, రెండోసారి ఇంట్లో టీవీ ముందు, మా పెద్దమ్మ పక్కన కూర్చుని. పెద్దమ్మది పుట్టపాక, పెళ్లయిన నాటి నుంచి చూపు మందగించేదాకా ఆసు పోసిన మనిషి, అంటే చీర నేయడానికి ముందు దారాన్ని చీలల మీద తిప్పి సిద్ధం చేసిన మనిషి. తల్లి పాత్రలో ఝాన్సీ ఆసు ముందు కూర్చుని, ఒక మేకు నుంచి అర్ధచంద్రాకారంలో నాటిన చీలల మీదికి దారాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే, ఒడిలో ఉన్న పెద్దమ్మ కుడిచెయ్యి తనకు తెలియకుండానే పైకి లేచింది. తర్వాత భుజం కీలు మీద బొటనవేలు పెట్టి ఒత్తుకుంటూ, "గీ నొప్పి గాళ్లకెట్ల తెల్సింది బిడ్డా?" అని అడిగింది. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు ఆ చెయ్యి తిరగాలని నాకు లెక్కగా తెలుసు గానీ, దాని బరువు ఎంతో అర్థమైంది ఆ సాయంత్రమే.

అప్పటి నుంచి సినిమా అయినా, సీరియల్ అయినా నేను మొదట చూసేది అందులోని మనుషుల చేతులనే. మల్లేశంలోనూ నాకు అసంతృప్తి లేకపోలేదు. ఆలేరు ప్రాంతపు చేనేత బిడ్డ చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశాడు. ఆ యంత్రం మెల్లమెల్లగా ఎలా కుదిరిందో ఇంకొంత నిదానంగా చూపించి ఉంటే బాగుండేదని నాకనిపించింది. అయినా తల్లి భుజం నొప్పిని కథకు మూలం చేసుకున్న సినిమా మన భాషలో రావడమే నాకు గొప్పగా తోచింది.

ఈ కొలతతో చూస్తే నా దృష్టిలో అన్నింటికన్నా పైన నిలిచేది బి. నర్సింగరావు 1988లో తీసిన దాసి. నిజాం కాలపు దొర గడీలో కమలాక్షిగా అర్చన చేసే చాకిరీని చూస్తున్నంతసేపూ, మాటలు తక్కువగా ఉన్నాయన్న లోటు నాకు కలగలేదు, ఎందుకంటే ఆమె నడకలోనూ, వంగిన నడుములోనూ చెప్పవలసినదంతా ఉంది. ఆ సినిమా దుస్తులకు జాతీయ అవార్డు అందుకున్న సుదర్శన్‌ది మన మిర్యాలగూడ; ఆయనకు 'దాసి సుదర్శన్' అనే పేరే స్థిరపడిపోయింది. కమలాక్షి కట్టిన చీర కొత్తగా కొన్నట్టు కాక, ఒంటి మీదే పాతబడినట్టు కనిపిస్తుంది. మా జిల్లా మనిషి పనితనమని తెలిశాక ఆ చీరనే చూస్తూ మరొకసారి సినిమా అంతా చూశాను.

2023లో వచ్చిన బలగంను అందరూ మెచ్చుకున్నట్టే నేనూ మెచ్చుకున్నాను. విందులో నల్లి బొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన అలక బావ, బామ్మర్దులను ఏళ్ల తరబడి ఎడం చేయడం అతిశయోక్తి అనుకునేవారు మా వైపు పెళ్లి విందులో ఒకసారి కూర్చోవాలి. చివర్లో జానపద కళాకారులు మొగిలయ్య, కొమురమ్మలు పాడిన పాటకు నాకూ కన్నీళ్లు ఆగలేదు. అయితే అంతకాలపు పంతం ఒక్క పాటతో కరిగిపోవడం మాత్రం నాకు తొందరపాటుగానే తోచింది.

ఇక టీవీ సంగతి. మా అమ్మ రోజూ రాత్రి 7 గంటలకు సీరియల్ ముందు కూర్చుంటుంది, అన్నం తింటూ నేనూ చూస్తాను. ఆ ఇళ్లలో విశాలమైన వంటగది ఉంటుంది గానీ పొయ్యి మీద ఏమీ ఉడకదు. అత్తాకోడళ్లు పట్టుచీరలతో నిలబడి మాట్లాడుకుంటారు, ఒక మాటకు నలుగురి ముఖాలు మూడేసిసార్లు చూపిస్తారు. అమ్మకు ఆ కథల మీద ఉన్న ప్రేమను నేను చిన్నచూపు చూడను. పొద్దంతా పనిచేసి అలసిన మనిషి ఆమె, ఆ పనిని కొంతైనా తెర మీద చూసుకునే హక్కు ఆమెకు ఉంది. చిన్నప్పుడు ఆదివారం రాత్రి చూసిన అమృతం సీరియల్ ఇప్పటికీ మనసులో నిలవడానికి కారణం కూడా అదే కావచ్చు: అందులోని హోటల్ నిజంగా నడిచేది, ఇడ్లీలు, గిరాకీ, అప్పు, అద్దె అన్నీ కథలో భాగమయ్యేవి.

తట్టాపారా పట్టుకుని ఊరూరా ప్రాజెక్టులు కట్టడానికి వలస వెళ్లిన పాలమూరు కూలీల కుటుంబం మీద ఎవరైనా సీరియల్ తీస్తే బాగుండునని నా కోరిక. బస్సు ఎక్కేముందు సద్దిమూట ఎలా కడతారో, తాతమ్మ దగ్గర వదిలిన పిల్లలకు ఎవరు తల దువ్వుతారో తీరిగ్గా చూపడానికి రోజూ వచ్చే కథలో చోటు సరిపడా ఉంది. అటువంటిది వచ్చిన రోజున పెద్దమ్మను కూడా నల్గొండకు తీసుకొచ్చి అమ్మ పక్కన కూర్చోబెడతాను.