ఎల్బీనగర్ నుంచి సెంట్రల్ యూనివర్సిటీ: బండి మారే చోటే అసలు లెక్క

హైదరాబాద్‌లో ఊరి ఈ చివర ఇల్లు, ఆ చివర యూనివర్సిటీ ఉన్నవాళ్ళని "ఎంత దూరం?" అని అడగండి. కిలోమీటర్లు చెప్పరు. "రెండు బండ్లు మారాలి" అంటారు. విషయమంతా ఆ జవాబులోనే ఉంది. సీటు దొరికితే గంటసేపు కూర్చున్నా మనిషి పెద్దగా నలగడు. బస్టాపులో పావుగంట మెడ చాచి, వచ్చిన బస్సు ఎక్కాలా, వెనకాల ఖాళీది వస్తుందేమో చూడాలా అని తేల్చుకోలేక నిలబడ్డప్పుడే ఓపిక ఆవిరైపోతుంది. కాబట్టి డే స్కాలర్, అంటే రోజూ ఇంటి నుంచి వచ్చి చదివేవాళ్ళు, ముందుగా సర్దుకోవాల్సింది మారే చోట్లను.

మొదటి పది రోజులు ఫోన్‌లో నాలుగు టైములు రాసుకోండి: గుమ్మం దాటింది, మొదటి బండి ఎక్కింది, ఆఖరి బండి ఎక్కింది, క్లాసు గదిలో కూర్చుంది. పది రోజులయ్యాక సగటు తీయకండి. సగటును నమ్ముకుని బయల్దేరితే ఇంచుమించు సగం రోజులు ఆలస్యమే. పది లెక్కల్నీ చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పేర్చి తొమ్మిదోది తీసుకోండి. అది 115 నిమిషాలైతే మీ ప్రయాణం 115 నిమిషాలే, "గంటన్నరలో వచ్చేస్తా" అన్న మాట మర్చిపోండి. హాజరు 75 శాతం ఉండాలన్న నిబంధన దగ్గర ఈ తేడా కొంప ముంచుతుంది. ఆలస్యం ఎప్పుడూ మొదటి పీరియడ్‌నే తింటుంది. మొత్తం మీద హాజరు బాగానే కనిపిస్తుంది, పొద్దున తొమ్మిదింటికి పడే ఆ ఒక్క సబ్జెక్టులో మాత్రం తక్కువ పడుతుంది. ఎలెక్టివ్‌లు, ల్యాబ్ బ్యాచ్‌లు ఎంచుకునే వీలుంటే సిలబస్‌తో పాటు టైమ్‌టేబుల్ కూడా ముందు పెట్టుకుని ఎంచుకోండి. పొద్దున ఒక క్లాసు, సాయంత్రం నాలుగింటికి ఇంకొకటి, మధ్యలో ఖాళీ: దూరాభారం వాళ్ళకి ఇంతకంటే చెడ్డ రోజు ఉండదు.

ఇప్పుడు ఒక్క దారినే దగ్గరగా చూద్దాం. ఎల్బీనగర్‌లో మెట్రో రెడ్ లైన్ మొదలవుతుంది. పొద్దున ఆరుకి మొదటి రైలు. మొదటి స్టేషనే కాబట్టి సీటు ఇంచుమించు ఖాయం. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, ఎంజీబీఎస్, నాంపల్లి, ఖైరతాబాద్ దాటుకుంటూ అమీర్‌పేట పదహారో ఆగే చోటు. అక్కడ దిగి బ్లూ లైన్ పట్టుకుంటే మధురానగర్, యూసుఫ్‌గూడ, మాదాపూర్ మీదుగా తొమ్మిదోది రాయదుర్గం, అదే ఆఖరు. అక్కడి నుంచి యూనివర్సిటీ గేటు ఇంకా ఆరేడు కిలోమీటర్లుంటుంది. బస్సో షేర్ ఆటోనో చూసుకోవాలి.

చిక్కంతా అమీర్‌పేటలో. మెట్రోకి మూడే బోగీలు. దిగిన మందంతా ఒకేసారి ఎస్కలేటర్ మీదికి వస్తుంది. ఒకట్రెండు రోజులు గమనిస్తే ఏ బోగీ, ఏ తలుపు ఎస్కలేటర్‌కి ఎదురుగా ఆగుతుందో తెలిసిపోతుంది. ఎల్బీనగర్‌లో ఎక్కేటప్పుడే ఆ తలుపు దగ్గర ఎక్కండి. సీట్లో కూర్చున్నా పంజాగుట్టలో లేచి తలుపు దగ్గరకి చేరాలి. ముందు దిగినవాళ్ళకి బ్లూ లైన్‌లో ఒక రైలు ముందు దొరుకుతుంది, వెనకబడ్డవాళ్ళు ప్లాట్‌ఫామ్ మీద నిలబడి దాని వీపు చూస్తారు. ఆడవాళ్ళకి కేటాయించిన భాగం ఎక్కడ ఆగుతుందో ప్లాట్‌ఫామ్ మీద గుర్తులుంటాయి, దాన్ని బట్టి నిలబడవచ్చు.

రెండో చిక్కు రాయదుర్గంలో. ఐటీ ఆఫీసులకి వెళ్ళేవాళ్ళూ మీరూ ఒకే మెట్లు దిగుతారు, ఒకే ఆటోల కోసం చూస్తారు. నేరుగా యూనివర్సిటీకి వెళ్ళే బస్సు కోసమే కళ్ళు కాయలు కాసేలా చూడకుండా, గచ్చిబౌలి జంక్షన్ దాకా వెళ్ళేది ఏది వచ్చినా ఎక్కడం మేలు. అక్కడ మెహిదీపట్నం వైపు నుంచి వచ్చే లింగంపల్లి, పటాన్‌చెరు బస్సులన్నీ దొరుకుతాయి. అవి స్టేడియం, ట్రిపుల్ ఐటీ దాటి యూనివర్సిటీ గేటు ముందు నుంచే పోతాయి. ఒక బండి ఎక్కువ మారినా నిలబడేది తగ్గుతుంది. గేటు దగ్గర దిగినంత మాత్రాన క్లాసుకి చేరినట్టు కాదని కొత్తవాళ్ళకి మొదటి వారమే అర్థమవుతుంది. లోపల చెట్ల మధ్య నడక చాలానే ఉంటుంది, దాన్నీ ఆ పది రోజుల లెక్కలో కలపండి.

ఇదే ఎల్బీనగర్ నుంచి ఉస్మానియాకి వెళ్ళేవాళ్ళ దారి వేరు. బ్లూ లైన్‌లో తార్నాక స్టేషన్, ఊళ్ళో తిరిగే లోకల్ రైళ్ళు, అంటే ఎంఎంటీఎస్‌లో ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్ ఉన్నాయి. జేఎన్‌టీయూ వాళ్ళకి రెడ్ లైన్‌లో ఆ పేరుతోనే స్టేషన్ ఉంది, మారే పనే లేదు. అదృష్టవంతులు.

ఎంఎంటీఎస్ గురించి రెండు ముక్కలు. 2003లో మొదలైన ఈ రైళ్ళు ఇప్పటికీ ఊళ్ళో అన్నిటికంటే చవక, కనీస టికెట్ 5 రూపాయలు. ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి వెళ్ళేది ఎక్కితే ఆఖరి స్టేషన్‌లో దిగి సెంట్రల్ యూనివర్సిటీకి వెనక్కి కొద్ది దూరం వస్తే చాలు. ఎల్బీనగర్ వైపు వాళ్ళు మలక్‌పేటలో మెట్రో దిగి ఇది పట్టుకోవచ్చు. కాకపోతే ఇవి ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ నడిచే పట్టాల మీదే నడుస్తాయి. సికింద్రాబాద్ దగ్గర దూరప్రాంతపు బండి ఏదైనా ఆలస్యమైతే లోకల్‌ని అవుటర్‌లో, అంటే స్టేషన్ బయటే ఆపేస్తారు. అందుకే టైమ్‌టేబుల్ చూసి బయల్దేరకండి. 47తో మొదలయ్యే ఐదంకెల నంబరుంటుంది, దాన్ని రైల్వే రన్నింగ్ స్టేటస్‌లో కొట్టి, బండి రెండు స్టేషన్ల అవతల ఉందని తేలాక ఇల్లు కదలండి. పరీక్ష రోజు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

డబ్బు సంగతి. 2025 మేలో సవరించాక మెట్రో గరిష్ఠ ఛార్జీ 69 రూపాయలు. ఆ గరిష్ఠం పడే దూరమైతే రానూపోనూ 138, నెలకి 22 రోజులు తిరిగితే 3,036. చాలా ఇళ్ళల్లో అది భారమే. అందుకని పొద్దున మెట్రో, సాయంత్రం బస్సు అన్న పద్ధతి పెట్టుకుంటారు. పొద్దున టైముకి చేరాలి, సాయంత్రం అరగంట ఆలస్యమైనా ఎవరూ అడగరు. తెలివైన లెక్కే. మెట్రోకి వెళ్ళే గచ్చిబౌలి జనమంతా ఆఫీసులు వదిలాక ఎక్కుతారు కాబట్టి సాయంత్రం నాలుగున్నర లోపు బయటపడండి, లేదా ఏడున్నర దాకా లైబ్రరీలో కూర్చోండి. మధ్యలో బయల్దేరితే నిలబడి రావడమే.

స్టూడెంట్ బస్ పాస్‌కి ముందుగా కాలేజీ దగ్గర పని పూర్తవ్వాలి. ఆన్‌లైన్‌లో ఫారం నింపితే సరిపోదు, మీరు అక్కడ చదువుతున్నారని కాలేజీ ధ్రువీకరించాలి, ఆ తర్వాతే కౌంటర్‌లో పాస్ కొడతారు. చాలామందికి ఆలస్యమయ్యేది ఇక్కడే. ఆఫీసులో ఆ పని చూసే గుమాస్తా ఎవరో అడ్మిషన్ వారంలోనే కనుక్కోండి. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒకేలా ఉండేట్టు చూసుకోండి, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే తిప్పుతారు. పాస్ ఏయే రకం బస్సుల్లో చెల్లుతుందో తీసుకునేటప్పుడే కనుక్కోండి, తర్వాత కండక్టర్‌తో వాదించడం దండగ. పది, ఇరవై నోట్లు ఓ వంద రూపాయలవి ఎప్పుడూ ఉంచుకోండి.

అమ్మాయిలకి 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మెట్రో డీలక్స్‌లో కాదు. డబ్బు తీసుకోకుండా కొట్టే జీరో టికెట్ తప్పకుండా తీసుకోవాలి, చెకింగ్‌లో అడిగేది అదే. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి కాబట్టి ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ చదివే అమ్మాయిలు గుంటూరు అడ్రస్ ఉన్న ఆధార్ తీస్తే టికెట్ కొట్టక తప్పదు. వాళ్ళు స్టూడెంట్ పాస్ తీసుకోవడమే నయం.

ఇంకా దూరం నుంచి, అంటే వికారాబాద్, భువనగిరి, జనగామ నుంచి రైల్లో వచ్చేవాళ్ళకి సీజన్ టికెట్ ఉంది. 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు, విద్యార్థులకి రాయితీ ఉంటుంది. డిగ్రీ దాకా చదివే అమ్మాయిలకి ఇంటికీ కాలేజీకీ మధ్య సెకండ్ క్లాస్ నెలవారీ సీజన్ టికెట్ ఉచితం. ఈ సంగతి తెలియక డబ్బు కట్టేవాళ్ళు చాలామంది. విద్యాసంస్థ నుంచి సర్టిఫికెట్ కావాలి, ఇంటి దగ్గరి స్టేషన్ పేరు, కాలేజీ దగ్గరి స్టేషన్ పేరు అందులో తప్పులేకుండా ఉండాలి. గడువు ముగియడానికి పది రోజుల ముందు నుంచే కొత్తది తీసుకోవచ్చు, ఒకటో తారీఖు క్యూలో నిలబడే పనిలేదు. సీజన్ టికెట్‌తో రిజర్వేషన్ బోగీలో కూర్చుంటే టికెట్ లేనట్టే లెక్క. ఇక ఫోన్ యాప్‌లో పేపర్‌లెస్ టికెట్ తీసేవాళ్ళు స్టేషన్‌లోకి పోకముందే తీయాలి. పట్టాల దగ్గరకి చేరాక యాప్ ఒప్పుకోదు. అప్పుడు స్టేషన్‌లో అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడమే దారి.

బ్యాగు బరువు బస్సులో నిలబడ్డవాడికే తెలుస్తుంది. ఆ రోజు కావాల్సిన నోట్సు కాగితాలు ఒక క్లిప్ ఫైల్‌లో పెట్టుకుని, లావుపాటి పుస్తకాలు డిపార్ట్‌మెంట్‌లో ఉంచే వీలుంటే అక్కడే ఉంచండి. ఎక్కేటప్పుడు బ్యాగు ముందుకి, ఫోన్ బ్యాగు లోపలికి. జేబులు కొట్టేది ప్రయాణంలో కాదు, ఫుట్‌బోర్డు మీద తోపులాట జరిగే ఆ పది సెకన్లలో.

లంచ్ బాక్సు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. పొద్దున ఆరున్నరకి కట్టినది మధ్యాహ్నం ఒంటిగంటకి తింటారు. పెరుగన్నం కలిపి తెస్తే ఎండాకాలం పులిసి నోట్లో పెట్టలేరు. దీనికి మన ఇళ్ళల్లో పాత ఉపాయం ఒకటుంది. ఒక కప్పు అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చగా అయ్యాక ముప్పావు కప్పు కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక చెంచా పెరుగు కలపండి. ఎండాకాలం అరచెంచా చాలు. ఉప్పు అప్పుడు వేయకండి, పొట్లం కట్టి తెచ్చుకుని తినే ముందు కలుపుకోండి. ప్రయాణం జరిగేలోపు అది బ్యాగులోనే తోడుకుంటుంది, ఒంటిగంటకి కమ్మటి పెరుగన్నం. అన్నం వేడిగా ఉండగా కలిపితే పెరుగులోని తోడు చచ్చిపోయి పాలన్నంగానే ఉండిపోతుంది, లేదా విరుగుతుంది. చలికాలం తోడు సరిగ్గా పడదు, డబ్బాకి ఓ తువ్వాలు చుట్టండి. డబ్బా ముప్పావు వంతే నింపండి.

కూర డబ్బా కారడానికి కారణం ఎక్కువసార్లు మూత కాదు, వేడి. పొగలు కక్కుతున్న కూర మీద మూత బిగిస్తే ఆవిరి ఒత్తిడికి నూనె రబ్బరు వాచరు పక్క నుంచి బయటకి తోసుకొస్తుంది. పది నిమిషాలు మూత తీసి ఉంచి బిగించండి. వాచరు నెలకోసారి విప్పి కడగండి, గట్టిపడితే మార్చేయండి. సాంబారు, పులుసు ఇంట్లోనే. ముద్దపప్పు, వేపుడు, పొడి: ఇవే ప్రయాణం తట్టుకుంటాయి.

చదువు సంగతికొస్తే బస్సులో పుస్తకం తెరవకండి, గతుకులకి కళ్ళు తిరుగుతాయి, వాంతి వచ్చినట్టుంటుంది. బస్సులో వినండి, మెట్రోలో చదవండి. లెక్చర్లు ముందు రాత్రే ఇంటి వైఫైలో దించుకోండి. నిద్ర పోవాలంటే ఆఖరి స్టేషన్ దాకా వెళ్ళే విడతలోనే పొండి. సాయంత్రం అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కి హాయిగా నిద్రపోవచ్చు, పొద్దున అదే దారిలో అమీర్‌పేట వైపు వెళ్ళేటప్పుడు మాత్రం వద్దు. రెడ్ లైన్ అవతలి చివర మియాపూర్‌లో మెలకువ వస్తుంది.

వానాకాలంలో మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్ళు నిలిస్తే కోఠి, దిల్‌సుఖ్‌నగర్ బస్సులు కదలవు. సాయంత్రం జోరుగా వాన మొదలైతే ఆ రోజుకి బస్సు లెక్క వదిలేసి డబ్బు పోయినా మెట్రో ఎక్కండి, మెట్రో స్టేషన్ దాకా చేరే ఆ ఆరు కిలోమీటర్ల కోసం వాన తగ్గేదాకా క్యాంపస్‌లోనే ఉండండి. బ్యాగులో ఒక ప్లాస్టిక్ కవర్లో పొడి సాక్సులు, సర్టిఫికెట్ల ఫొటోకాపీలు వేరే కవర్లో. గొడుగు కంటే రెయిన్‌కోటు నయం, నిండిన బస్సులో తడి గొడుగు పట్టుకున్నవాణ్ణి పక్కనవాళ్ళు ఎలా చూస్తారో మీకే తెలుస్తుంది.