కడియం పికప్‌కి కరెంటు మోటారు: నా అనుభవం

నిన్న సాయంత్రం ఆర్సీ చేతికొచ్చింది. ఇంధనం గడిలో డీజిల్ పక్కన హైబ్రిడ్ అని పడింది. మూడు నెలలు తిరిగాను దాని కోసం. మరచిపోకముందే రాసిపెడుతున్నాను.

మాది కడియపులంక దగ్గర చిన్న నర్సరీ. పాత బొలెరో పికప్ ఉంది. రోజంతా తోటల మధ్య పుంతల్లో మొక్కలు ఎక్కించడం, యాభై గజాలు పోవడం, ఆగడం. ఈ నడకలో లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు రావడమే గగనం. పూర్తిగా కరెంటు బండి కొందామంటే నెలకి రెండు మూడుసార్లు హైదరాబాద్ లోడు ఉంటుంది, నాలుగు వందల కిలోమీటర్ల పైమాట. అందుకే డీజిల్ ఇంజిన్ని అలాగే ఉంచి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకి చేర్చే కడ్డీ) దగ్గర మోటారు బిగించే కిట్ ఎంచుకున్నాను. గేరు న్యూట్రల్‌లో పెడితే మోటారు లాగుతుంది, హైవే ఎక్కితే ఇంజిన్ లాగుతుంది.

మొదట కలిసినతను సగం ధరకే చేస్తానన్నాడు. కాగితాల సంగతి అడిగితే "ఆర్టీఓ ఆఫీసు మేం చూసుకుంటాం గురువుగారూ" అన్నాడు. ఆ మాట వినగానే లేచి వచ్చేశాను. హైబ్రిడ్ కిట్ల బిగింపుకి కేంద్రం 2016లోనే నిబంధనలు తెచ్చింది. 3,500 కిలోల లోపు బండ్లకి ఏఐఎస్-123 అనే వాహన ప్రమాణం మొదటి భాగం వర్తిస్తుంది. గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి, అందులో మీ బండి మోడల్ పేరు ఉండాలి. అది కళ్ళతో చూడకుండా ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వకండి. దొంగ కిట్టు బిగించుకుని తిరిగేవాళ్ళు మా వైపు ఉన్నారు. రేపు ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర చిక్కుల్లో పడతారు. తమ డబ్బు పోతే పోయింది, తగిలినవాడి పిల్లల సంగతేమిటి?

సర్టిఫికెట్ ఉన్న కిట్టు మూడు లక్షల పైచిలుకు అయింది. 72 వోల్టుల, 130 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. అంటే తొమ్మిది యూనిట్ల పైన కరెంటు పడుతుంది. ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి వాళ్ళ అనుమతి అవసరం రాలేదు. బిగింపు నాలుగు రోజులు. కాటా వేయిస్తే ఖాళీ బండి బరువు 150 కిలోలు పెరిగింది, మోసే లోడు అంత తగ్గినట్టే. ఆర్టీఓ ఆఫీసులో అర్జీ, ఫీజు ఒక్క పూటలో అయిపోయాయి.

నా తల తీసేసినట్టయింది బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి తనిఖీ రోజున.

ఆయనే స్టీరింగ్ దగ్గర కూర్చుని మోటారు మీద బండి నడిపారు. నేను పక్కన. మొదటిసారి బ్రేకు తొక్కారు, బాగానే ఆగింది. రెండోసారి కాస్త గట్టిపడింది. మూడోసారి పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. గోడకి రెండడుగుల దూరంలో, రెండు కాళ్ళతో తొక్కితే ఆగింది. ఆయన దిగి, లైసెన్సుల కోసం వచ్చిన కుర్రాళ్ళందరి ముందూ "ఏమయ్యా, ఇది బండా, పాడెనా?" అన్నారు. పక్కన నా బావమరిది ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుగా బండి నడుపుతున్నాను, ఒక్క యాక్సిడెంట్ లేదు. ఆ రోజు తలెత్తి చూడలేకపోయాను. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన అన్నది నిజం.

కోపమల్లా బిగించినవాళ్ళ మీదే. ఫోన్ చేస్తే "మీ బూస్టర్ పాతదండీ, మార్చుకోండి" అని పెట్టేశారు. బూస్టర్ అంటే పెడల్ తొక్కుడికి బలం కలిపే డబ్బా. నా బండిలో ఈ బ్రేకు బూస్టర్‌లోంచి గాలి లాగే వ్యాక్యూమ్ పంపు ఇంజిన్‌తో పాటే తిరుగుతుంది. ఇంజిన్ ఆగితే బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కులకే ఖాళీ. అందుకే కిట్టులో కరెంటు వ్యాక్యూమ్ పంపు వేరే ఇస్తారు. అది ఉంది, మరి పని చేయలేదేం? రెండు రాత్రులు నిద్ర లేదు.

ముందు బూస్టర్ సంగతి తేల్చాను. ఇంజిన్ ఆపి పెడల్ ఐదారుసార్లు తొక్కి, కాలు అలాగే నొక్కి పట్టి ఇంజిన్ స్టార్ట్ చేస్తే, బూస్టర్ బాగుంటే పెడల్ కొంచెం కిందికి దిగుతుంది. నాది దిగింది. అంటే తప్పు పంపుది. మా ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ని పిలిచి టెస్ట్ లైట్ పెట్టించాను. పంపుని ఆన్, ఆఫ్ చేసే రిలేకి వైరు ఇంజిన్ నడిచేటప్పుడు మాత్రమే కరెంటు వచ్చే లైనులోంచి ఇచ్చారు! అవసరమున్నప్పుడు ఆగి, అక్కర్లేనప్పుడు తిరుగుతోంది. వీడియో తీసి పంపితే మర్నాడు మనిషి వచ్చి వైరు మార్చాడు. క్షమించమన్న మాట మాత్రం ఇప్పటికీ రాలేదు. మూడు లక్షలు తీసుకున్నవాళ్ళు కనిపెట్టాల్సింది నేను కనిపెట్టాను, ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను.

హైబ్రిడ్ చేయించేవాళ్ళు బండి తీసుకునే ముందు ఖాళీ స్థలంలో ఇంజిన్ ఆపి, మోటారు మీద మెల్లగా పోతూ పదిసార్లు బ్రేకు తొక్కండి. నా బండికి పవర్ స్టీరింగ్ లేదు. మీకు ఇంజిన్ బెల్టుతో తిరిగే పవర్ స్టీరింగ్ ఉంటే, ఇంజిన్ ఆగినప్పుడు స్టీరింగ్ ఎంత బరువెక్కుతుందో కూడా చూసుకోండి.

రెండోసారి తనిఖీకి కూడా ఇన్‌స్పెక్టర్ గారే నడిపారు. వరుసగా ఎనిమిదిసార్లు తొక్కి, ఏమీ అనకుండా సంతకం పెట్టారు.

ఇప్పుడు ఒక చార్జింగ్‌కి పుంతల్లో 35 కిలోమీటర్లు వస్తోంది. డీజిల్ అయితే నాలుగు లీటర్లు, 97 చొప్పున 390 రూపాయలు. కరెంటు యూనిట్ పది రూపాయలు వేసుకున్నా 110 దాటదు. పెట్టిన డబ్బు రావడానికి నాలుగేళ్ళు పట్టవచ్చు. ఏడాదిలో వచ్చేస్తుందని చెప్పేవాళ్ళని నమ్మకండి. తెల్లవారుజామున గులాబీ మొక్కలు ఎక్కిస్తుంటే పొగ లేదు, చప్పుడు లేదు. నాన్నగారికి ఇప్పుడు ఆ వేళ నిద్ర చెడటం లేదు.

ఇన్సూరెన్స్ వాళ్ళకి కొత్త ఆర్సీ కాపీ పొద్దున్నే పంపాను. పాలసీలో మార్పు ఎక్కినట్టు కాగితం వచ్చేదాకా హైదరాబాద్ లోడు ఎత్తను.