వేడి చేసిందన్నారు

చిన్నప్పుడు సూర్యాపేటలో మా నానమ్మ, అతుక్కుపోయిన జంట అరటిపండును ఆడపిల్లల చేతికి ఇచ్చేది కాదు. తింటే కవలలు పుడతారని. అందుకే అవి మరీ తియ్యగా ఉంటాయేమోనని దొంగతనంగా ఎన్ని తిన్నానో లెక్కలేదు. ఎనిమిదో వారం స్కాన్‌లో డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి "ఇదొకటి, ఇదిగో ఇంకొకటి" అనగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆ అరటిపండ్లే. మా ఆయనకు మాత్రం మలక్‌పేటలోని మా రెండు గదుల ఇల్లు గుర్తొచ్చినట్టుంది, నోట మాట లేకుండా గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

పన్నెండో వారం స్కాన్‌లో ఆవిడ ఎక్కువసేపు చూసింది పిల్లల్ని కాదు, ఇద్దరి మధ్య ఉన్న పొరని. ఇద్దరికీ ఒకటే మాయ (ప్లాసెంటా) ఉంటే ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కువగా పోయే ప్రమాదం ఉంటుందట, పదహారో వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చేయాలట. మా వాళ్లకు వేర్వేరు మాయలు. కాబట్టి నాలుగు వారాలకోసారి వస్తే చాలన్నారు. కవలలని తెలిశాక ముందు అడగాల్సిన ప్రశ్న ఇదేనని నాకు అప్పుడే తెలిసింది. చుట్టాలంతా అడిగింది మాత్రం "ఇద్దరూ మగపిల్లలేనా?" అని. అది చెప్పడం నేరమని 1994 నాటి చట్టం ఉంది, స్కాన్ సెంటర్ గోడ మీద బోర్డు కూడా ఉంటుంది. అయినా అడుగుతారు.

"ముగ్గురి తిండి తినాలి నువ్వు" అని మా అమ్మ ఫోన్‌లో ఒకటే పోరు. నా బరువున్నవాళ్లు కవలలకు 17 నుంచి 25 కిలోల దాకా పెరగొచ్చని డాక్టరమ్మ కూడా అన్నారు. కానీ ఎక్కడ తినను? ఆరో నెల దాటాక నాలుగు ముద్దలు తింటే ఐదోది గొంతులోనే ఉండేది. చివరికి అత్తమ్మే ఒక దారి కనిపెట్టింది. పెద్ద క్యారియర్ మానేసి నాలుగు చిన్న స్టీలు డబ్బాలు కట్టేది. ఒకదాంట్లో ఉడకబెట్టిన గుడ్లు, ఒకదాంట్లో పల్లీలు, ఖర్జూరాలు, ఒకదాంట్లో పప్పు కలిపిన అన్నం, ఇంకోదాంట్లో పెరుగన్నం. మలక్‌పేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం దాకా వెళ్లేదాన్ని. ఆఫీసు చేరేలోపు ఒక డబ్బా ఖాళీ చేయాలని అత్తమ్మ ఆర్డరు. మెట్రోలో తినకూడదు కాబట్టి రాయదుర్గంలో దిగాక మెట్ల పక్కన నిలబడి తినేదాన్ని.

ఇంత చేసినా ఏడో నెలలో హిమోగ్లోబిన్ 8.9కి పడిపోయింది. నేను ఐరన్ మాత్ర వేసుకుని పావుగంటకే టీ తాగుతున్నానని ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పైగా కాల్షియం మాత్ర కూడా గుర్తుంటుంది కదా అని దాంతోపాటే మింగేదాన్ని. టీ అయినా కాల్షియం అయినా ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. అది తెలిశాక ఐరన్ పొద్దున నిమ్మరసంతో, కాల్షియం రాత్రి అన్నం తిన్నాక. అయినా సమయం లేదని ఐరన్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కించారు. ఆ సంగతి అక్కడితో సర్దుకుంది.

అసలు కథ మే నెల చివర్లో మొదలైంది. ముప్పై రెండో వారం. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలు. ఒక రాత్రి అరికాళ్లు దురద పెట్టాయి. దోమేమో అనుకున్నా. మర్నాడు రాత్రి అరచేతులు కూడా. ఇది గోకితే పోయే దురద కాదు. చర్మం కింద ఎక్కడో లోపల చీమలు పాకుతున్నట్టు, గోరు అక్కడిదాకా చేరనట్టు. పగలు పనిలో పడి కొంచెం మరిచిపోయేదాన్ని. రాత్రి పదకొండు దాటిందంటే మొదలు. రెండింటికి లేచి వెళ్లి వీధి గుమ్మం దగ్గరి కొబ్బరి పీచు పట్టా మీద నిలబడి అరికాళ్లు రుద్దుకునేదాన్ని, ఆ పొట్టతో, తలుపు పట్టుకుని. అరచేతులకు దువ్వెన. ఒక రాత్రి ఫ్రిజ్‌లోంచి రెండు పాల ప్యాకెట్లు తీసి కింద పెట్టి, వాటి మీద పాదాలు ఆనించి కుర్చీలోనే కునుకు తీశా. పొద్దున ఆ పాలతోనే మా ఆయన కాఫీ కలుపుకుని తాగాడు. ఇప్పటికీ ఆయనకు చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

"వేడి చేసింది బిడ్డా, ఇద్దర్ని మోస్తున్నవ్, వేడి చెయ్యదా మరి?" అంది అత్తమ్మ. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది, బార్లీ నీళ్లు కాచింది, అరికాళ్లకు ఆముదం రాసింది. ఆవిడ చేతులు నా పాదాల మీద ఉన్నంతసేపు హాయిగా ఉండేది, తీయగానే మళ్లీ మామూలే. ఐదు రోజులు అలా గడిచాయి. మా డాక్టరమ్మ ఊళ్లో లేరు. దగ్గర్లోని ఒక ఆసుపత్రికి వెళితే డ్యూటీలో ఉన్న అమ్మాయి తలెత్తకుండానే "పొట్ట సాగుతోంది కదండీ, దురద మామూలే, మీకు ట్విన్స్ కూడానూ" అని కాలమైన్ లోషన్ రాసిచ్చింది. సరేనని వచ్చేశాను. చాదర్‌ఘాట్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు వెలిగింది నాకు: పొట్ట సాగుతుంది సరే, అరచెయ్యి ఎందుకు సాగుతుంది?

ఆ లోషన్ సీసా ఇప్పటికీ మా ఇంట్లో సగం అలాగే ఉంది.

రెండు రోజులకు మా డాక్టరమ్మ వచ్చారు. నేను చెప్పడం పూర్తవకముందే నా చేతులు పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశారు. దద్దుర్లు లేవు, పొక్కులు లేవు, నేను గీరుకున్న గాట్లు తప్ప. దురద రాత్రే ఎక్కువా? మూత్రం రంగు మారిందా? మారింది, చిక్కటి పసుపు. ఎండల్లో నీళ్లు చాలడం లేదేమో అనుకున్నా. ఆవిడ లివర్ పరీక్ష, దాంతోపాటు రక్తంలో పిత్తరసపు ఆమ్లాల పరీక్ష రాశారు. లివర్ రిపోర్టు సాయంత్రానికే వచ్చింది, లివర్ ఇబ్బంది పడితే పెరిగే ఎస్‌జీపీటీ 186, బాగా ఎక్కువ. రెండోది మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. అదీ ఎక్కువే, 58 వచ్చింది.

దీన్ని కొలెస్టాసిస్ అంటారు. లివర్‌లో తయారైన పిత్తరసం పేగుల్లోకి సాఫీగా జారాలి. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల కొందరిలో ఆ జారడం మందగిస్తుంది. అప్పుడు అందులోని ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి, దురద దాని గుర్తు. ఎక్కువగా చివరి మూడు నెలల్లో వస్తుంది. కవలలుంటే హార్మోన్లూ ఎక్కువే, అందుకే కవలల తల్లుల్లో ఇది ఎక్కువగా కనబడుతుందట. "తల్లికి ఇది దురద, పిల్లలకు ప్రమాదం" అన్నారు డాక్టరమ్మ. ఈ ఆమ్లాల అంకె 100 దాటితే కడుపులోనే బిడ్డ పోయే ప్రమాదం బాగా పెరుగుతుంది. కవలలకైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వారం వారం ఆ పరీక్ష చేసి చూద్దామన్నారు.

నాకు నచ్చిందేమిటంటే ఆవిడ నాకు తీపి మాటలు చెప్పలేదు. అర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు రాస్తూ, "దీంతో దురద కొంచెం తగ్గొచ్చు. పిల్లల్ని కాపాడుతుందని మాత్రం నేను మాటివ్వను" అన్నారు. 2019లో ఇంగ్లండ్, వేల్స్ ఆసుపత్రుల్లో 605 మంది గర్భిణులకు ఈ మందునో, మందులా కనబడే ఉత్తి మాత్రనో ఇచ్చి చూశారట. పిల్లల విషయంలో పెద్ద తేడా రాలేదట. కదలికలు లెక్కపెట్టుకుంటానంటే, "లెక్కపెట్టు, తగ్గితే అర్ధరాత్రైనా రా. కానీ కదులుతున్నారని నిశ్చింతగా ఉండకు, ఇందులో ముందుగా సూచన రాకపోవచ్చు. అందుకే మనకు ముఖ్యం పరీక్ష, సరైన రోజుకి కాన్పు" అన్నారు. ఆ రాత్రి భయంతో నిద్ర పట్టలేదు. కానీ అంతకుముందు పది రాత్రుల కంటే అదే నయం, నా ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసు కాబట్టి.

మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని ఆవిడ అడిగితే అమ్మకు ఫోన్ చేశాను.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు వచ్చింది, నీ తమ్ముడప్పుడూ వచ్చింది. చల్లగా ఉంటదని అరికాళ్లకు గోరింటాకు పెట్టుకునేదాన్ని. తొమ్మిదో నెలంతా నా కాళ్లు ఎర్రగా ఉండేవి, అందరూ ఎంత బాగా పండిందో అనేవాళ్లు" అంది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేందమ్మా?"

"దురద కూడా ఒక రోగమని ఎవరికి తెలుసే?"

ముప్పై నాలుగో వారం ముందర రెండో పరీక్షకు బయల్దేరిన రోజు మృగశిర కార్తె. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం. ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ జనం. ఆటో అబ్బాయి సందుల్లో తిప్పి తిప్పి తీసుకెళ్లాడు, గుంత వచ్చిన ప్రతిసారీ వెనక్కి తిరిగి "అక్కా, బాగున్నవా?" అని అడుగుతూ. వాడి పుణ్యమాని నవ్వొచ్చింది. ఇంటికొచ్చేసరికి కార్తె కదా అని అత్తమ్మ కొర్రమీను పులుసు పెట్టింది. చాలా రోజుల తర్వాత రెండోసారి వడ్డించుకుని తిన్నాను. రిపోర్టు 71.

తర్వాతి వారం 112.

ఆ అంకె చూశాక ఎక్కువ మాటలు జరగలేదు. పిల్లల ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజక్షన్లు, రక్తం గడ్డకట్టే పరీక్ష, విటమిన్ కె. పిత్తరసం సరిగా పేగుల్లోకి రాకపోతే ఆ విటమిన్ ఒంటికి పట్టదట, కాన్పులో రక్తస్రావం ఎక్కువయ్యే భయం ఉంటుందట. ముందున్న బిడ్డ కాళ్లు కిందికి పెట్టుకుని కూర్చుంది, కాబట్టి ఆపరేషనే. ముప్పై ఐదు వారాల ఐదు రోజులకు, జూన్ వాన పడుతుండగా, ఇద్దరమ్మాయిలు. ఒకరు 2.2 కిలోలు, రెండోది 1.9. చిన్నది ఆరు రోజులు ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో ఉంది. కుట్లు పట్టుకుని, చిన్న సీసాలో పాలు పిండి తీసుకుని, లిఫ్టు కోసం నిలబడ్డ ఆ ఆరు రోజుల గురించి రాయడం మొదలుపెడితే ఇంకో కథ అవుతుంది.

దురద ఎప్పుడు పోయిందో సరిగ్గా చెప్పలేను. మూడో రాత్రి పెద్దది ఏడిస్తే లేచి, ఎత్తుకుని, పాలిచ్చి పడుకోబెట్టాక గోడ గడియారం చూస్తే రెండున్నర. అది నా పీచు పట్టా వేళ. పాదాలు చల్లటి గచ్చు మీద ఉన్నాయి, ఊరికే ఉన్నాయి. కాసేపు అలాగే కూర్చున్నా.

దురద పోయినంత తేలిగ్గా మిగతాది పోలేదు. హిమోగ్లోబిన్ మళ్లీ పడింది, మెట్లు ఎక్కితే కళ్లు తిరిగేవి. ఉద్యోగం పోతుందన్న టెన్షన్ మాత్రం లేదు. 2017లో చట్టం మారాక ప్రసూతి సెలవు 26 వారాలు కదా. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు, నేను పిసినారిలా అన్నీ తర్వాతకు దాచుకోవాలని చూశాను. రిపోర్టు వచ్చిన రోజే మా ఆయన నా లాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేశాడు. అప్పుడు తిట్టాను, ఇప్పుడు తిట్టను.

ఆరు వారాలకు లివర్ పరీక్ష మామూలుగా వచ్చింది. ఇది మళ్లీ గర్భం వస్తే మళ్లీ వచ్చే అవకాశమే ఎక్కువని, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టే ముందు ఈ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలని ఫైల్ మీద ఎర్ర ఇంకుతో రాసిచ్చారు. "మళ్లీ గర్భం వస్తే" అన్న దగ్గర మా ఆయన గట్టిగా దగ్గాడు. అత్తమ్మ వేడి గురించి ఇంకేమీ అనలేదు. కానీ మా గల్లీలో కడుపుతో ఉన్న వాళ్లెవరు కనబడ్డా ఇప్పుడు ముందు అరచేతులు పట్టుకుని చూస్తోంది.

మా చిన్నాన్న కూతురికి ఇప్పుడు ఏడో నెల, ఉప్పల్‌లో ఉంటుంది. దానికి ఒక్కరే. అయినా వారానికి రెండుసార్లు ఫోన్ చేసి కాళ్లు ఎలా ఉన్నాయే అని అడుగుతుంటా. నిన్న విసుక్కుంది.

"అక్కా, లోకమంతా పొట్ట ఎట్లుందని అడుగుతది. నువ్వొక్కదానివే కాళ్లడుగుతవ్."

"చేతులు?"

"బాగున్నయ్ తల్లీ, ఫోన్ పెట్టు."