తురహళ్లి బండ మీద ఎర్ర తొండ

హిందూపురం నుంచి శుక్రవారం రాత్రి బెంగళూరు చేరాను. తెల్లవారకముందే తురహళ్లి అడవికి పోదామంటే, "వద్దు మామయ్యా, బండ వేడెక్కితేనే తొండలు బయటికొస్తాయి" అంది మా అక్క కూతురు. జంతుశాస్త్రం చదువుతోంది. ఎనిమిదింటికి బయల్దేరి, వజరహళ్లి మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కాం.

జూన్ నెల, వాటి జత కట్టే కాలం. పెద్ద బండ కొసన ఒక మగ తొండ కూర్చుని ఉంది. వీపు ఎర్రగా మందారంలా, పక్కలు నల్లగా. ఇంతలో కింది నెర్రెలోంచి ఇంకో మగది పైకొచ్చింది. మొదటిది ముందుకాళ్ల మీద లేస్తూ వాలుతూ దండీలు తీసింది. చూస్తుండగానే వీపు ఎరుపు పోయి పసుపు తేలింది, నల్లటి పక్కలు నారింజ రంగుకు తిరిగాయి. తొండ ముదిరితే ఊసరవెల్లి అనే మాట ఊరికే పుట్టలేదు. ఆడదాని ముందు ఎరుపూ నలుపూ, పోటీదారు ముందు పసుపూ నారింజా అని ఇక్కడి టాటా ఇన్‌స్టిట్యూట్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) పరిశోధకులు గమనించారట. రెండోది వెనక్కి తగ్గి నెర్రెలో దూరింది.

చిన్నప్పుడు తొండ తల ఊపితే మమ్మల్ని వెక్కిరిస్తోందని రాళ్లు వేసేవాళ్లం. ఈ రోజు ఆ సంగతి తలుచుకుంటే బాధేసింది. అది తన చోటు కాపాడుకునే మాట.

ఈ పౌరుషం ఎక్కడిదని అడిగాను. క్షణంలో రంగు మారడం వేరు, సీజన్ పొడుగునా చోటు కోసం కొట్లాడటం వేరు అంది. ఆ కొట్లాట వెనక ముఖ్యంగా ఉన్నది వృషణాల్లో తయారయ్యే టెస్టోస్టెరాన్ అనే హార్మోన్. వృషణాలు తీసేస్తే చాలా జాతుల్లో మగవాటి దూకుడు తగ్గుతుంది, హార్మోన్ మళ్లీ ఇస్తే తిరిగొస్తుంది. ఒత్తిడిలో పెరిగే కార్టికోస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ ఆ దూకుడును అణచగలదు.

తను చెప్పినవాటిలో నా మనసులో నిలిచిపోయింది అమెరికాలోని అరిజోనా కొండల సంగతి. 1980ల చివర్లో కేథరిన్ మార్లర్, మైకేల్ మూర్ అనే పరిశోధకులు అక్కడి ముళ్ల బల్లుల్లో మగవాటికి, జత కట్టే కాలం కానప్పుడు, చర్మం కింద టెస్టోస్టెరాన్ గుళికలు పెట్టారు. అవి రోజంతా కాపలా తిరిగాయి, తిండి తగ్గించాయి, మిగతావాటికన్నా ఎక్కువగా చచ్చిపోయాయి. తర్వాత 1991లో వచ్చిన అధ్యయనంలో అలాంటివాటికి అదనంగా తిండి పెడితే ఆ నష్టం పూడింది. అంటే ప్రాణం తీసింది హార్మోన్ విషమై కాదు. తిరగడానికి పెట్టిన శక్తిని తిండితో నింపుకోలేకపోవడమే. ఎంత ఖరీదైన కాపలా!

మేం లేచేసరికి పదకొండు దాటింది. బండ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. తొండ అదే కొసన ఉంది. దాని మూతి ముందునుంచే చీమల బారు పోతోంది. అది తల వంచలేదు, ఆ నెర్రెవైపే చూస్తోంది.