బాటమ్ బ్రాకెట్ ఎత్తు: కోనసీమ పుంతల్లో తొక్కేవారికి ఒక లెక్క

మౌంటెన్ బైక్ కొనేవారు గేర్ల గురించి, ముందు చక్రాన్ని పట్టుకుని స్ప్రింగులా కుంగే ఫోర్కు గురించి ఎంతో వాకబు చేస్తారు కానీ బాటమ్ బ్రాకెట్ నేలకు ఎంత ఎత్తున ఉందో అడిగేవారు అరుదు. క్రాంకులు, అంటే పెడళ్లు బిగించే కడ్డీలు, తిరిగే ఆ ఇరుసు ఎత్తును బట్టే తొక్కే మనిషి బరువు ఎంత పైన నిలుస్తుందో, పెడల్ కింద ఎంత ఖాళీ మిగులుతుందో తేలుతుంది. గోదావరి డెల్టాలో తొక్కేవారికి ఈ రెండింటిలో రెండోదే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

29 అంగుళాల చక్రానికి 2.25 అంగుళాల టైరు వేస్తే వ్యాసార్ధం సుమారు 368 మి.మీ. అవుతుంది. బ్రాకెట్ చక్రాల ఇరుసుల కంటే 60 మి.మీ. దిగువన ఉంటే దాని ఎత్తు 308. మనిషి ఎక్కాక ముందు ఫోర్కు 25 మి.మీ. కుంగితే, బ్రాకెట్ వెనక చక్రానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అది 9 మి.మీ. మాత్రమే దిగుతుంది. అలా మిగిలిన 299 మి.మీ. ఎత్తులోంచి 175 మి.మీ. క్రాంకును, పెడల్ మందంలో సగాన్ని తీసేస్తే చివరికి మిగిలే ఖాళీ 116 మి.మీ. దగ్గర ఉంటుంది. వెనక కూడా సస్పెన్షన్ ఉన్న బండి ఇంకా ఎక్కువ కుంగుతుంది కాబట్టి, కేటలాగులో బ్రాకెట్ ఎత్తు 345 మి.మీ. అని చూసి దాన్ని ఎత్తైన బండిగా లెక్కగట్టడం సరికాదు.

బ్రాకెట్ కిందికి ఉంటే మలుపులో బండి నిలకడగా ఉంటుందన్నది నిజమే. నిదానంగా రాళ్ల మీద గెంతించే ట్రయల్స్ సైకిళ్లలో మాత్రం బ్రాకెట్‌ను ఇరుసుల కంటే పైనే పెడతారు. అయితే మనిషితో కలిపి బండి గరిమనాభి నేలకు ఇంచుమించు మీటరు ఎత్తున ఉంటుంది కనుక, బ్రాకెట్‌ను 10 మి.మీ. దించితే అక్కడ వచ్చే తేడా ఒక శాతమే. అదే 10 మి.మీ. పెడల్ కింది ఖాళీలో పన్నెండో వంతుకు సమానం.

ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువల గట్ల మీద తొక్కినంతసేపు ఈ ఖాళీ సంగతి గుర్తుకే రాదు. లంకల్లోకి దిగే పుంతల్లో మాత్రం వానకు మెత్తబడిన ఒండ్రుమట్టిలో ట్రాక్టర్లు తిరిగి, ఆ గాడులు అలాగే ఎండిపోతాయి. చక్రం 120 మి.మీ. లోతు గాడిలో పడిందంటే కిందికి దిగిన పెడల్ దాని ఒడ్డుకు కొట్టుకుని వెనక చక్రాన్ని పక్కకు విసురుతుంది. పెడళ్లను అడ్డంగా నిలిపి జారనిద్దామంటే, మెత్తటి మట్టిలో తొక్కడం ఆపగానే బండి ఆగిపోతుంది. కొబ్బరి తోటల్లో గడ్డి కింద దాగిన డొక్కలు కూడా పెడల్‌కు ఇలాగే తగులుతాయి.

అందుకే ఇక్కడివారు ముందుగా 165 మి.మీ. క్రాంకు వేయించుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఖాళీ 126 మి.మీ. అవుతుంది, ఫ్రేము కోణాలేవీ మారవు. 2.4 అంగుళాల టైరు వేస్తే మరో 4 మి.మీ. కలుస్తుంది. ఫోర్కును 20 మి.మీ. పొడవైనదానికి మార్చడం నాకు నచ్చని పద్ధతి: బ్రాకెట్ 7 మి.మీ. మాత్రమే లేస్తుంది, హెడ్ యాంగిల్, అంటే ఫోర్కు నిలిచే కోణం, ఒక డిగ్రీ వాలిపోతుంది. మారేడుమిల్లి వైపు ఏటవాలు దిగేటప్పుడు ఆ వాలు మేలు చేస్తుంది కానీ, ఇరుకైన చేలగట్టు మీద నిదానంగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ పక్కకు వాలిపోతూ ఇబ్బంది పెడుతుంది. పొట్టి క్రాంకు వేశాక సీటును ఆ 10 మి.మీ. మేరకు పైకి లేపుకోవాలి, లేకపోతే మోకాళ్ల మీద భారం పడుతుంది.